డబ్బీకి మూడంగుళాలు

ఎల్లారెడ్డిలోని మా ఇంట్లో పడుకోవడానికి పెద్దగది ఒక్కటే ఉండేది. అందులోనే మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, అన్నా వదినా, వాళ్ల పిల్లలు, మేమిద్దరం. మా వైపు తాడుకు ఒక పాత చీర వేలాడదీసి ఉండేది. నా భార్య ఆ చీర వెనకే బట్టలు మార్చుకునేది, ఆ చీర వెనకే ఏడ్చేది. రెండూ చప్పుడు కాకుండా చేయడం నేర్చుకుంది. పెళ్లయిన కొత్తలో నాతో ఏదైనా చెప్పాలంటే బావి దగ్గరికి రమ్మనేది. తర్వాత తర్వాత చెప్పడమే తగ్గించింది. అప్పుడే పెరట్లో మాకంటూ ఒక గది కట్టుకోవాలని నిశ్చయించాను. ఎనభయ్యో దశకం మొదటి సంవత్సరాలవి.

నేను రైస్ మిల్లులో తూకాలు చూసేవాడిని. బడి ఏడో తరగతిలోనే ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. చుట్టుపక్కల ఎవరు ఇల్లు మొదలుపెట్టినా వాస్తు ప్రకారం ఆయం కట్టమని నన్ను పిలిచేవాళ్లు. గది లోపలి పొడవును, వెడల్పును అంగుళాల్లో తీసుకుని గుణించాలి. వచ్చినదాన్ని తొమ్మిదితో గుణించి, ఎనిమిదితో భాగించాలి. ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడైతే సింహం, అయిదైతే వృషభం, ఏడైతే ఏనుగు. ఇవి మంచివి. రెండు మిగిలితే పొగ, నాలుగైతే కుక్క, ఆరైతే గాడిద, ఏమీ మిగలకపోతే కాకి. ఇవి పనికిరావు.

చాలా ఇండ్లకు ఆయం కట్టాక నాకొకటి తెలిసింది. తొమ్మిదితో గుణించినా గుణించకపోయినా మిగిలేది ఒకటే. అంతే కాదు, పొడవూ వెడల్పూ రెండూ బేసి అంగుళాలైతే చాలు, ఆయం తప్పకుండా మంచిదే వస్తుంది. రెండింటిలో ఒక్కటి సరిసంఖ్య అయినా చెడ్డదే వస్తుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మేవాళ్లు కాదు, నమ్మితే నన్ను పిలిచేవాళ్లు కాదు. నీకు నమ్మకం ఉందా అంటే, నాకు లెక్క మీద ఉంది, గాడిద మీద లేదు.

మా గదికి నూట ముప్పై ఒక్క అంగుళాల పొడవు, తొంభై అయిదు అంగుళాల వెడల్పు వేసుకున్నాను. వృషభాయం. నా దగ్గర తోలు డబ్బీలో చుట్టుకునే గుడ్డ టేపు ఉండేది. దానితో పునాది మీద నేనే గుర్తులు పెట్టాను. గోడలు లేచాక, పూత మందం తీసేసి కొలిచాను. గోడలకు సిమెంటు పూత, మా దగ్గర గిలాబు అంటారు, అది అయ్యాక మళ్లీ కొలిచాను. ప్రతిసారీ నూట ముప్పై ఒకటే వచ్చింది. పైన రేకులు పడ్డాయి, తలుపు నిలబడింది. గదిలో నిలువునా సగం అన్నా వదినల ధాన్యం బస్తాలకు పోతుందని ముందే మాట. మిగిలిన సగం మాది. ఆ సగంలో మంచం ఎక్కడ, తన పెట్టె ఎక్కడ అని నా భార్య బొగ్గుతో నేల మీద గీతలు కూడా గీసుకుంది.

పాలు పొంగించడానికి రోజులు దగ్గర పడ్డాక, గోడకు చెక్క పలక బిగించేందుకు వడ్రంగి వచ్చాడు. అతని బావమరిది దుబాయి నుంచి తెచ్చిచ్చిన ఉక్కు టేపు అతని నడుముకు వేలాడుతోంది. బటన్ నొక్కితే టేపు పాములా జరజరా లోపలికి పోయేది. మా వదిన అడిగి మరీ రెండోసారి నొక్కించుకుని చూసింది. అతను పొడవు గోడ కొలిచి, తనలో తాను అనుకున్నట్టుగా, "నూట ముప్పై," అన్నాడు.

అవ్వ గుమ్మం దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమెకు చదువు రాదు. కానీ ఏళ్ల తరబడి నా లెక్కలు విని విని అంకెలు చెవికి పట్టుబడ్డాయి.

"నూట ముప్పై ఒకటి అన్నవ్ గదరా? గీయన ఒకటి తక్కువ చెప్పవట్టె," అంది నాతో.

"నా టేపు దుబాయిదవ్వా. అబద్ధం చెప్పదు," అన్నాడు వడ్రంగి నవ్వుతూ.

అవ్వ నవ్వలేదు. "నూట ముప్పై అయితే ఏం ఆయం అయితది?" అని అడిగింది.

నాకు కాగితం అక్కర్లేదు. ఆరు మిగులుతుంది. చెప్పకుండా ఉండటానికి దారి కనిపించలేదు. గాడిద అన్నాను.

గాడిదాయంలో కాపురం పెట్టినవాళ్లు బతుకంతా బరువు మోస్తూనే ఉంటారని అవ్వ నమ్మకం. చేట పక్కన పెట్టి లేచింది. "నా కోడలు గండ్ల కాలు పెట్టది," అని గదికి తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. కోడలి మీద కోపంతో అని ఉంటే వాదించేవాడిని. ప్రేమతో అంది. నా భార్య చీర వెనక్కి పోయింది.

మర్నాడు మిల్లుకు సెలవు పెట్టి, గుడ్డ టేపు సంచిలో వేసుకుని కామారెడ్డి బస్సెక్కాను. మంచి టేపు కొని, వడ్రంగి టేపు తప్పని తేల్చాలని నా ఆశ. ఆ ఆశకు ఒక ఆధారం ఉంది. అతని టేపు కొసన ఉండే చిన్న కొక్కెం వదులుగా ఆడుతోందని అతనే సుత్తితో కొట్టి బిగించుకున్నాడు. తప్పు అక్కడే ఉండాలని దారి పొడుగునా కోరుకున్నాను.

స్టేషన్ దగ్గరి ఇనుప సామాన్ల దుకాణంలో ఒక ముసలి సాయెబు ఉండేవాడు. మేమంతా చాచా అనేవాళ్లం. టేపులు అడిగితే ఉన్నవన్నీ గల్లా బల్ల మీద పరిచాడు. మూడు మీటర్లవి చవక, జేబులో పడతాయి. కానీ నా గది పొడవుకు అవి చాలవు. మధ్యలో పెన్సిల్ గీత పెట్టి రెండుసార్లు కొలవాలి, గీత మందం ఎటు కలపాలన్నది మళ్లీ ఒక అనుమానం. వాటిని పక్కన పెట్టాను. అయిదు మీటర్ల వాటిలో సన్నపట్టీ ఉన్నవాటిని గాలిలోకి చాపితే నాలుగడుగులు దాటగానే నడుం విరిగి కింద పడ్డాయి. వెడల్పు పట్టీవి కర్రలాగా నిలబడ్డాయి. ఒంటరిగా కొలుచుకునేవాడికి అదే కావాలి. అంగుళాలు ఒక అంచున, సెంటీమీటర్లు ఇంకో అంచున ఉండి, అంకెలు గోటితో గీకినా చెరగనివి చూశాను. తాళం బటన్ నొక్కి, పట్టీ జారుతుందేమో అని గుంజి చూశాను.

అన్నింటికీ కొక్కేలు ఆడుతూనే ఉన్నాయి. వదులుగా ఉన్నాయేమిటని అడిగాను.

"ఉండాలె బేటా," అన్నాడు చాచా. "కట్టెకు తగిలిచ్చి గుంజితే బయటికి జరగాలె, గోడకు ఆనిస్తే లోపలికి జరగాలె. దాని మందం ఎంతనో గంతే జరుగుతది. బిగిస్తే టేపు ఖరాబ్."

కొక్కెం మందం ఎంతో వేలితో పట్టి చూశాను. అంగుళంలో పదహారో వంతు కూడా ఉండదు. వడ్రంగి తప్పు అంతే. నాకు కావలసింది అంగుళం.

మిగిలిన టేపులను ఒకదాని పక్కన ఒకటి దుకాణం అరుగు మీద చాపి, అడుగు అడుగుకూ గీతలు కలుస్తున్నాయో లేదో చూశాను. ఒక టేపు పన్నెండో అడుగు దగ్గర మిగతావాటితో కలవలేదు. దాన్ని తీసేశాను. ఇద్దరు గిరాకీలు వచ్చి మేకులు కొనుక్కుని పోయారు, నేను ఇంకా చూస్తూనే ఉన్నాను.

"పిల్లను సూడవోయిన కాడ గూడ గింత సేపు సూడలేదు కావచ్చు నువ్వు," అన్నాడు చాచా.

చివరికి ఒకదాన్ని ఎంచుకుని, దాని పక్కన నా గుడ్డ టేపు పరిచాను. నూట ఇరవై దాకా గీతకు గీత కలిసింది. ఆ తర్వాత నూట ఇరవై రెండు ఉంది. మధ్యలో నూట ఇరవై ఒకటి లేదు.

వేలితో తడిమితే అక్కడ గుడ్డ రెండు పొరలుగా తగిలింది. దగ్గర దగ్గరగా వేసిన సన్నని కుట్టు, ముడి కనబడకుండా అడుగున దాచి ఉంది. అవ్వ బొంతలకు వేసే కుట్టు అది. వానల్లో ఎలుకలు మా అటక మీది సామానంతా కొరికినప్పుడు టేపు కూడా తెగి ఉంటుంది. ఆమె నాకు చెప్పకుండా, గట్టిగా ఉండాలని అంగుళం మేర ఒకదాని మీద ఒకటి వేసి కుట్టింది. గుడ్డను కుట్టే పద్ధతి అదే. నేను టేపు మీద చివరి అంకె చదివే మనిషిని. నడుమ అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూడాలని ఎన్నడూ తోచలేదు. వెడల్పు పదడుగుల లోపు కాబట్టి సరిపోయింది. పొడవు పదడుగులు దాటింది కాబట్టి గాడిద వచ్చింది.

ఏందని అడిగాడు చాచా. ఏం లేదన్నాను. కొత్త టేపు కట్టించుకుని బయటికి వచ్చాను.

తిరుగు బస్సులో అటూ ఇటూ ఆలోచించాను. ఆ గదికి గాడిదాయం తెచ్చింది నీ కుట్టేనని అవ్వకు చెప్పలేను. చెబితే ఆమె మిగిలిన బతుకంతా ఆ సూదినే తలుచుకుంటుంది. నాసిరకం టేపు అయి ఉంటే ఎక్కడో ఒకచోట వాదించడానికి సందు దొరికేది. ఏరి ఏరి మంచిది కొన్నాను. ఇప్పుడు ఆ సందు కూడా మూసుకుపోయింది.

ఇంటికి రాగానే అవ్వ కొంగు ముడి విప్పకుండానే తాళం తీసింది. నా భార్య కొక్కెం పట్టుకుని తలాపు గోడకు ఆనించింది. నేను డబ్బీని గుమ్మం వైపు గోడకు ఆనించి, డబ్బీ నోటి దగ్గర అంకె చదివాను.

"నూట ఇరవై ఏడు," అన్నాను. అక్కడ కనబడింది అదే.

"ఏం ఆయం?" అంది అవ్వ.

నూట ఇరవై ఏడును తొంభై అయిదుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది. "ధ్వజం," అన్నాను.

అన్నిటికన్నా మంచి ఆయం అది. అవ్వ కొంగు ముడి విప్పడం మొదలుపెట్టింది. నా భార్య టేపు కొస పట్టుకునే నా వైపు చూసింది. పట్టీ మా ఇద్దరి మధ్య గట్టిగా చాపి ఉంది. డబ్బీ వీపు మీద చిన్న అక్షరాలతో మూడంగుళాలు కలుపుకోవాలని రాసి ఉంది. గోడ నుంచి గోడకు కొలిచినప్పుడు డబ్బీ పొడవు కూడా కొలతే. ఆ అక్షరాలు నా అరచేతి కింద ఉన్నాయి. ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. నేను అక్కడితో ఆగిపోతే చాలు.

ఆగలేకపోయాను. అది మంచితనమని అనుకోను. అసలు పొడవు తెలిసి కూడా ఇంకో పొడవు అనుకుంటూ ఆ గోడల మధ్య పడుకోవడం నావల్ల అయ్యేది కాదు. డబ్బీకి మూడు కలపాలని, మొత్తం నూట ముప్పై అని చెప్పాను.

"డబ్బీకి ఎందుకు కలుపుతవురా? డబ్బీ మన గోడనా?" అంది అవ్వ.

విడమరిచి చెప్పాను. అంతా విని, విప్పిన ముడి మళ్లీ వేసుకుంది.

అప్పుడు నా భార్య కొక్కెం వదిలేసింది. పట్టీ నా చేతిలోకి దూసుకొచ్చి వేలికి తగిలింది. "అత్తమ్మా, గాడిదైతే గాడిదాయె. నేను గిండ్లనే పండుకుంట. ఆ చీరెనుక ఇగ నాతోని కాదు," అంది. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత పెద్దగా అంతకు ముందు వినలేదు.

అవ్వ ఆమె వైపు తిరిగింది. "నువ్వు మోసేది నాకు కండ్ల పడుతలేదనుకున్నవా బిడ్డా? ఇంకింత మీద పడొద్దనే గదా," అంది.

మేస్త్రిని పిలిచాం. గిలాబు చెక్కేసి అంగుళం పెంచుదామన్నాను. పూర్తయిన గోడ మీద ఉలి పడొద్దంది అవ్వ. ఇంకో పూత వేసి అంగుళం తగ్గిస్తే నూట ఇరవై తొమ్మిది, ఏడు మిగులుతుంది, ఏనుగాయం. దానికి ఒప్పుకుంది. నేను ఇంకో లెక్క కూడా వేసి ఉన్నాను. మంచం డెబ్బై అయిదు, పెట్టె ఇరవై రెండు, తలుపు రెక్క తిరగడానికి ముప్పై మూడు. అన్నీ కలిపి నూట ముప్పై. ఒక్క అంగుళం తగ్గినా తలుపు పెట్టెకు తగులుతుంది. పెట్టె పక్కకు జరుపుదామంటే అటు బస్తాలు. ఈ మాట నా భార్యకు మాత్రమే, బావి దగ్గర, చెప్పాను.

"పూరా తెరుసుకోకున్నా సరే," అంది. "మూసుకుంటే సాలు."

తలాపు గోడకు అంగుళం పూత పడింది. కొత్త టేపుతో నాలుగు చోట్ల కొలిచి, డబ్బీకి మూడు కలిపి, నూట ఇరవై తొమ్మిది అన్నాను. అవ్వ తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది.

గుడ్డ టేపును మాత్రం పదడుగుల గీత మీద కత్తిరించాను, దానిలోని తప్పు ఇంకొకరి ఇంటికి పోకూడదని. ఒకరోజు అది అవ్వ కంట పడింది. "గంత మంచిగ కుట్టిన గదరా, ఎందుకు కోసినవ్?" అంది. మళ్లీ ఎలుక కొరికిందని చెప్పాను. ఆ టేపు గురించి అవ్వకు నేను తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే.

ఇప్పటికీ ఇంటి పనికి టేపు కొనుక్కోవాలంటే కొందరు నన్ను అడుగుతారు. గది కన్నా పొడవున్నది తీసుకోమంటాను. ఆడే కొక్కేన్ని బిగించొద్దంటాను. మొదలు నుంచి చివరి దాకా పని మొత్తం ఒక్క టేపుతోనే చేయమంటాను. డబ్బీ వెనక ఏం రాసి ఉందో దుకాణంలోనే చదువుకోమని కూడా చెబుతాను. అది ఎందుకో ఎవరూ అడగరు.

పాలు పొంగించిన సాయంత్రం నా భార్య గదిలోకి వస్తుంటే తలుపు పెట్టె మూలకు కొట్టుకుని ఆగింది. ఆమె పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, రెక్కకూ పెట్టెకూ నడుమ నుంచి లోపలికి వచ్చింది.

"ఏనుగాయమంట," అంది. "గిండ్లకు ఏనుగు కాదు, మనిషే సక్కగ రాడు."

తర్వాత తలుపు మూసింది. అది చివరి దాకా మూసుకుంది. గడియ పెట్టి, వీపు ఆనించి అక్కడే నిలబడింది. పెద్దగదిలో మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఒక వైపు బస్తాలు, ఒక వైపు మంచం, నడుమ మేమిద్దరం కూడా పక్కపక్కన నిలబడలేనంత ఇరుకు చోటు. ఆమె మాత్రం నాతో ఏదో చెప్పడం మొదలుపెట్టింది, గొంతు తగ్గించకుండా.