రాయి ఒకటి, పేరు ఇంకోటి

దగ్గరికి జరగండి అమ్మా, ఫ్యాను కిందికొచ్చి కూసోండి. చేతిలో పనుంటే చేసుకుంటానే వినండి, చెవి మాత్రం ఇటు పెట్టండి. నేను బడికి పోయింది తక్కువ. రాసేదానికన్నా చెప్పేదే నాకు అలవాటు, అందుకని చెప్పినట్టే రాస్తా.

మాది మార్కాపురం. మా తమ్ముడికి ఊరి బయట పలకరాయి ఫ్యాక్టరీ ఉంది. పిల్లోళ్లు రాసుకునే పలకలు ఇప్పుడెవరు కొంటున్నారు? గోడలకు అతికించే రాళ్లు కోసి, నునుపు చేసి బయట ఊర్లకు పంపుతాడు. మా కోడలిది గిద్దలూరు. డిగ్రీ చదివింది. ఇంట్లోనే కూసోని కంప్యూటర్లో వెబ్‌సైట్లు చేసేది సొంతంగా నేర్చుకుంది. కొత్తగా నేర్చుకున్నోళ్లకు పని ఎవరిస్తారు? మా తమ్ముడే ఇచ్చినాడు, ఫ్యాక్టరీకి ఒక పేజీ చేసిపెట్టమని.

అన్నీ మొదట్నించి చేయలేక ఆ పిల్ల ఒక టెంప్లేట్ కొనింది.

"టెంప్లేట్ అంటే ఏంది పాపా?" అని అడిగినా.

"రెడీమేడ్ జాకెట్టు లాంటిది అత్తా. కుట్టు వాళ్లది, మన కొలతకు సరిచేసుకునేది మనం."

"అయితే చంకల కాడ పిగులుతది" అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం.

పేజీ బాగా వచ్చింది. రాళ్ల ఫోటోలు వరసగా పెట్టి, ఒక్కోదాని కింద పేరు రాసింది. మా వాళ్ల పేర్లు ఎట్లుంటాయంటే, రాయిని రంగుతో పిలవరు, తీసిన గనితో పిలుస్తారు. తూర్పు గని అంటే నల్లది. వాగు గని అంటే తుప్పు రంగుది. ఈ ఊర్లో పుట్టినోళ్లకు అది చెప్పాల్సిన పని లేదు.

ఎండాకాలం, మధ్యాహ్నం పూట. అన్నాలు తిని గిన్నెలు సర్దుతా ఉన్నా. తమ్ముడు బండి దిగి చెప్పులతోనే లోపలికొచ్చినాడు. ఎప్పుడూ "పాప ఏదక్కా" అని నవ్వుతా వచ్చేవాడు, ఆ రోజు "మీ కోడలేది?" అన్నాడు. చేతిలో గిన్నె కింద పెట్టేసినా.

సంగతేందంటే, బెంగుళూరులో ఒక కంట్రాక్టరు హోటలు గోడకు రాయి కావాలన్నాడు. అనంతపురం దిక్కు మనిషే. పేజీ చూసి, వాగు గని రాయి పంపమని ఫోన్లో చెప్పినాడు. వీళ్లు లోడు పంపినారు. లారీ ఆడికి పోయినాక మీద కప్పిన పట్టా తీసి చూసి, "నేనడిగింది నల్లరాయి, ఇదేంది?" అని గేటు కాడే ఆపేసినాడు. తప్పు ఎవరిదో చెప్పండి, మళ్లీ ఫోన్ చేస్తా, చెప్పలేకపోతే లోడు వెనక్కి, మీతో వ్యవహారమూ బందు అన్నాడంట.

కోడలు గబగబా పేజీ తెరిచింది. నల్లరాయి కింద తూర్పు గని అనే ఉంది. తమ్ముడి ఫోన్లో తెరిచినా అట్లనే ఉంది.

"మరి ఆయనకేమైంది, కండ్లు కనపడవా?" అన్నాడు తమ్ముడు.

"ఆయన కంప్యూటర్లో ఎట్ల కనపడతా ఉందో ఫోటో తీసి పంపమనండి చిన్నాయనా."

ఫోటో వచ్చింది. చూడంగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది. పేర్లన్నీ ఒక గడి పక్కకు జరిగి ఉన్నాయి. నల్లరాయి కింద వాగు గని అని ఉంది.

"ఆయన బ్రౌజర్ పాతది చిన్నాయనా. పేజీని తెరిచి చూపించేది అదే. ఒక్కొక్కరి దాంట్లో ఒక్కో రకం ఉంటది. ఈ టెంప్లేట్ ఆ పాతదాంట్లో సరిగ్గా నిలబడలేదు."

"అంటే తప్పు ఆయనదా? నీ కంప్యూటర్ ముసలిదైంది, అందుకే నా రాయి రంగు మారింది అని చెప్పాల్నా నేను?"

ఆ పిల్ల టెంప్లేట్ అమ్మినోళ్లకు రాసింది. ముందే తయారుగా పెట్టుకున్నట్టు జవాబు వెంటనే వచ్చింది. మా టెంప్లేట్ మంచిదే, ఏ బ్రౌజర్లలో నడుస్తదో అడుగున రాసినాం, పాతవాటికి మా పూచీ లేదు అని.

"చూసినావా, అందరూ మంచోళ్లే" అన్నాడు తమ్ముడు. "మరి లారీ ఎందుకాగింది?" గొంతు తగ్గించి అన్నాడు, "ఇంగ ఈ పని నీకొద్దు పాపా. పొదిలిలో విత్తనాల దుకాణమాయన నీతో పేజీ చేయించుకుంటానన్నాడు కదా, ఆయనకు వద్దని నేనే చెప్తా. ఇంకొకరి లారీ ఆగకముందే మానుకో."

ఆ పిల్ల వేళ్లు కంప్యూటర్ మీదనే ఉన్నాయి, కదలడం లేదు. ఎంత ఇష్టంగా నేర్చుకుందో చూసినదాన్ని నేను. ఒక్క మాటతో అది ఆగిపోయేటట్టుంది.

"ఆగరా" అన్నా నేను. "పేజీ గురించి మీరు మాట్లాడుకున్న రోజు ఈడనే గోంగూర ఒలుస్తా ఉన్నా. పాప నిన్నడిగింది. రాయి ఫోటో మీదనే పేరు, రంగు రాద్దామా చిన్నాయనా అని. నువ్వేమన్నావు?"

"ఏమన్నా?"

"ఫోటో మీద రాస్తే రాయి అందం పోతది, రాయిని చూస్తే ఏ గనిదో తెలీదా ఎవరికైనా అన్నావు. ఆ మాట అని మజ్జిగ తాగినావు, ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టినావు."

వాడి మొహం ఎర్రగా అయింది. "నువ్వెవరి దిక్కు అక్కా?"

"కూసో, ఇంకా అయిపోలేదు." కోడలి దిక్కు తిరిగినా. ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు, కానీ ఒకరిది చెప్పి ఒకరిది మింగితే అది సాక్ష్యం కాదు. "నువ్వూ విను పాపా. అందరికీ ఇట్లనే కనపడతదా అని వీడు అడిగినాడు. ఎందులో తెరిచినా ఇంతే అన్నావు నువ్వు. చూసి అన్నావా, అనుకొని అన్నావా?"

ఆ పిల్ల తలెత్తింది.

"అనుకొని అన్నా అత్తా."

అప్పుడే ఫోన్ మోగింది. తమ్ముడు దాన్ని మంచం మీద పెట్టి, అందరికీ వినపడేటట్టు నొక్కి వెనక్కి జరిగినాడు. "ఏమండీ, ఉన్నారా? తప్పెవరిదో తేలిందా?" అని ఆయన అరుస్తా ఉన్నాడు. ఫోన్ కోడలు తీసుకుంది.

"సార్, పేజీ చేసింది నేను. మీ బ్రౌజర్లో పేర్లు పక్కకు జరిగినాయి. నా దాంట్లో, మా చిన్నాయన దాంట్లో చూసినా గానీ పాతవాటిలో తెరిచి చూడలేదు. చూడకుండానే ఇచ్చినా. అది నా తప్పు."

ఆయన జవాబిచ్చేలోపే తమ్ముడు వంగి ఫోన్ దగ్గరకొచ్చినాడు. "రంగు రాయొద్దన్నది నేనండీ. మా గనుల పేర్లు మీ ఊర్లో ఎవరికి తెలుస్తాయి? లోడు ఎత్తేముందు ఏ రంగని ఒక్క మాట నేను అడిగింది లేదు. ఆ తప్పు నాది."

"ఇద్దరూ ఒప్పుకుంటే నేనింక ఎవర్ని తిట్టాలబ్బా?" అన్నాడాయన. కోపం పోలేదు గానీ గొంతు కొంచెం దిగింది. ఆ తుప్పు రాయే హోటలు వెనక ప్రహరీకి కావాల్సినంత దించుకుంటానన్నాడు, మిగిలింది వెనక్కి తీసుకపొమ్మన్నాడు, నల్లరాయి తొందరగా పంపమన్నాడు. మిగిలిన రాయి ఇప్పటికీ ఫ్యాక్టరీ గేటు పక్కన పేర్చి ఉంది.

టెంప్లేట్ అమ్మినోళ్ల తప్పు లేదా అంటే, ఉంది. అడుగున చీమ తలకాయంత అక్షరాలు రాసి పక్కకు తప్పుకుంటే సరిపోతదా? పాప మళ్లీ రాసింది, జవాబు లేదు. వాళ్లకు మొహం లేదు, ఇంటికి పోయి అడగడానికి గడప లేదు. అందుకే మొహాలున్న మేమిద్దరు ముగ్గురం ఒకరినొకరు పీక్కుతిన్నాం. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

తమ్ముడు కొన్నాళ్లు మా ఇంటి దిక్కు రాలేదు. ఒక పొద్దున వచ్చి చెప్పులు బయట విడిచి, ఫోన్ తీసి కోడలి ముందర పెట్టినాడు. కొత్త ఫోటోలు. రాళ్లను గోడకు ఆనించి, ఒక్కోదాని మీద సుద్దముక్కతో రాసినాడు, తూర్పు గని, నలుపు అని, వాగు గని, తుప్పు రంగు అని. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

"రాయి మీదనే రాసినా పాపా. ఏ బ్రౌజరైనా దీన్ని జరపమను చూద్దాం."

ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "అందం పోలేదా చిన్నాయనా?"

"పోతే పోనీ. పొదిలాయన రేపొస్తాడు. వాళ్లింట్లో మూలన పడేసిన పాత ఫోన్లన్నీ మూట కట్టుకొని తెమ్మని చెప్పినా. అన్నిట్లో తెరిచి, ఆయన కండ్ల ముందర చూపించి ఇయ్యి."

అని నా దిక్కు తిరిగి మజ్జిగ అడిగినాడు.

ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగుండాల. మీ ఇంట్లో పనిచేసే చేతులకు మంచి పేరు రావాల. మాట పడాల్సిన రోజు వస్తే, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషొకరు మీ పక్కన కూసోవాల. మీ పిల్లాజెల్లా, మీ గొడ్డూగోదా అంతా సల్లంగుండాల తల్లీ.