వెనక వాటా ఖాళీ చేయించడం

మా అన్నకు కుప్పం నుంచి పుంగనూరుకు బదిలీ అయినప్పుడు అందరికంటే ఎక్కువ దిగులు పడింది అమ్మే. కొడుకు దగ్గరికొస్తున్నాడంటే సంతోషం ఉండదా? ఉండింది. కానీ వాడొస్తే ఇంటి వెనక వాటా ఖాళీ చేయించాలి. ఆ వాటాలో ఒక నర్సమ్మ, మదనపల్లెకు పోయొస్తూ ఇంటర్ చదివే ఆమె కూతురు చాలా ఏళ్లుగా అద్దెకు ఉండేవాళ్లు.

నర్సమ్మ పుట్టి పెరిగింది మదనపల్లెలో, మిషన్ ఆసుపత్రి పక్క వీధిలో. భర్త పోయాక ఉద్యోగం కోసం పుంగనూరు వచ్చింది. డ్యూటీ దిగి రాగానే ముందు మా అమ్మ బీపీ చూసి, తర్వాతే తన ఇంటి తాళం తీసేది. అమ్మ చేసిన సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి గోడ మీదుగా అటు పోయేవి. ఆ గోడ దగ్గర ఇద్దరూ నిలబడి మాట్లాడుకుంటుంటే నాకు కాస్త కుళ్లుగా కూడా ఉండేది. నాతో అమ్మ అంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదు.

అన్న ఫోన్లోనే తేల్చేశాడు. "వాట్సాప్‌లో మెసేజ్ పెట్టుమా, నెల టైమిస్తాండామని. అగ్రిమెంట్లో అట్లే ఉండాది."

"పెండ్లికి పిలిసేదానికి ఇంటికి పోతాము. ఇల్లు ఖాళీ సెయ్యమనేదానికి ఫోనా? సిగ్గులేదా నీకు?" అని అమ్మ ఫోను పెట్టేసింది.

ఇల్లు ఖాళీ చేయమని చెప్పడానికి ఆమె దగ్గర పెద్ద శాస్త్రమే ఉండేది. పిల్లల పరీక్షలప్పుడు చెప్పకూడదు. మన ఇంటికి పిలిపించి చెప్పకూడదు, మనమే వాళ్లింటికి పోవాలి. ఆషాఢంలో ఇల్లు మారమనకూడదు. చర్చికి పోయేవాళ్లకు ఆషాఢమేంటని నేను నవ్వితే, "వాళ్లకు లేకపోతే మనకుండాది గదా" అంది. అంతటితో ఆగక, ఈస్టరు ముందు వాళ్లు ఉపవాసాలుండే శ్రమల దినాలు కూడా వదిలేసింది. అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. వాళ్లకు ఇంకో ఇల్లు చూసిపెట్టాకే మనం నోరు విప్పాలి. ఇది ఏ అగ్రిమెంట్లోనూ ఉండదు.

అందుకని మోకాళ్ల నొప్పులతో అమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని నేను, పుంగనూరులో టులెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటూ తట్టాం. అద్దె, నీళ్లు అన్నీ కుదిరేవి. ఆఖర్న "ఎవుర్లు?" అని కులం, మతం ఆరా తీసేవాళ్లు. చెప్పగానే మొహం మారిపోయేది. "ప్రేయర్లంటారు, పాటలంటారు, మాకు కుదరదమ్మా" అంది ఒకామె.

"ఆయమ్మ ప్రేయర్లో నా పేరు కూడా ఉండాది. నీకు కుదరకపోతే మాకేం నష్టంలే" అని అమ్మ చెప్పులేసుకుంది. దారంతా గొణుగుతూనే వచ్చింది. తెలిసిన మనుషులే అలా అనేసరికి నాకూ ఒళ్లు మండింది. వాళ్లకు ఇల్లు దొరుకుతుందన్న నమ్మకం ఆ రోజుతో పోయింది నాకు.

చివరికి మేడమీద చిన్న ఇల్లు ఒకటి దొరికింది. మెట్లు నిటారుగా ఉన్నాయి గానీ యజమాని మంచివాడు. పరీక్షలు అయిపోయాయి, ఈస్టరు వెళ్లిపోయింది. ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చేదాకా ఆగి, అరటిపండ్లు, రవికె గుడ్డ పళ్లెంలో పెట్టుకుని అమ్మ బయలుదేరింది. వెనకాలే నేను. ఇంటి చుట్టూ తిరిగి వెళ్లేలోపే పళ్లెంలో పండ్లు రెండుసార్లు సర్దింది.

నర్సమ్మ కుర్చీ వేసి నీళ్లిచ్చింది. అమ్మ నోరు తెరిచే లోపలే, "అమ్మా, మీకొక మాట సెప్పల్ల" అంది. "మదనపల్లెలో పాప కాలేజీ దగ్గర ఇల్లు దొరికిండాది. నెలాఖరుకు పోతాండాము. నేను బస్సులో వచ్చి పోతాను. మీరేమీ అనుకోవద్దు."

అమ్మ బిత్తరపోయింది. "యాల పోతావమ్మా? మా ఇంట్లో నీకేం తక్కువయింది? దినామూ బస్సులో తిరగతావా? వద్దు, ఈడే ఉండు" అని బతిమాలడం మొదలుపెట్టింది. వచ్చిన పనేమిటో పూర్తిగా మరిచిపోయింది. నేను మోచేత్తో పొడిచినా ఆగలేదు. నర్సమ్మ మాత్రం తల అడ్డంగా ఊపుతూ, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

అమ్మ ముందు వెళ్లిపోయాక, నన్ను సాగనంపుతూ గేటు దగ్గర నర్సమ్మ గొంతు తగ్గించింది. "మీరడిగిన ఇండ్లల్లో ఒకటి మా ఆసుపత్రిలో పనిచేసేటామెదే అక్కా. మీ అమ్మ ఈ కాళ్లతో మా కోసం తిరగతా ఉండాదని ఆమే సెప్పింది. ఆ నోటితో పొమ్మని నాకు సెప్పాల్సొస్తే మీ అమ్మ తట్టుకోలేదు. నాకు తెలుసునని సెప్పొద్దక్కా."

నేను చెప్పలేదు. వాళ్లు వెళ్లే రోజు వంట సామాను మూటకట్టి ఉంటుందని అమ్మే వండి పెట్టింది. లారీ వీధి మలుపు తిరిగాక అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, కోపంగా నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్లుండి, నెలాఖరుకు పోతానని ఆ నెల్లోనే సెప్తుందా? ముందుగా సెప్పల్లనే పద్ధతి కూడా తెలీదు ఆయమ్మకు."

"ఔనుమా," అన్నాను, "తెలీదు."