సీసాలో చెలమ నీళ్లు

ఉదయం ఆరూ ఇరవైకి మా పెద్దమ్మ వాగు ఇసుకలో చెలమ తవ్వడం మొదలుపెట్టింది. రోజూ చేసే పనే. మా ఊరు సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గర. ఎగువన ఖనిజం కడిగే ప్లాంటు వచ్చాక వాగు ఎర్రగా పారుతోంది. ఒడ్డుకు కాస్త ఎడంగా ఇసుక తోడితే అడుగున తేట నీరు ఊరుతుంది. మేం తాగేవి అవే.

ఆ రోజు వాగు నీళ్లు పరీక్షకు తీసుకెళ్లడానికి సర్కారు మనిషి రావాలి. అతన్ని రప్పించడానికి సుక్మాలో, జగదల్‌పూర్‌లో ఎన్నో ఆఫీసుల ముందు నిలబడ్డాం. మేమంతా రోడ్డు దగ్గర ఎదురుచూస్తుంటే అతను అడ్డదారిన నేరుగా వాగుకు వచ్చాడు. బురదలో దిగలేక, అక్కడున్న పెద్దమ్మకు సీసా ఇచ్చి నీళ్లు పట్టమన్నాడు. ఆమె సీసాను శుభ్రంగా కడిగి, చెలమలో ముంచి ఇచ్చింది. మేం చేరేసరికి మూతకు సీలు పడింది.

నీరు బాగానే ఉందని రిపోర్టు వచ్చింది. అప్పుడు బయటపడింది సంగతి.

"చెలమ నీళ్లెందుకిచ్చినవక్కా?" అని మా అమ్మ తల కొట్టుకుంది.

"ఏందే, ఊరికొచ్చిన మనిషికి ఆ ఎర్రనీళ్లు ఇయ్యమంటవా? కడుపునొప్పి వస్తే నన్నే తిడ్తడు."

"తాగనీకి కాదు తల్లీ, పరీక్షకు!"

"నీళ్లడిగిండు, ఇచ్చిన. పరీక్షని నాకెవలు చెప్పిండ్రు?"

అమ్మకు నవ్వొచ్చింది. పెద్దమ్మ నవ్వలేదు. ఆమె అడిగింది: "అయితే ఇగ ఆ ప్లాంటోళ్లను ఎవలూ ఆపరా?"

మళ్లీ పరీక్ష చేయించాలని ఆమే పట్టుబట్టింది. ప్లాంటును పెంచడానికి జన్ సున్‌వాయి పెట్టి ఊళ్లవాళ్ల అభిప్రాయం అడిగినప్పుడు, షామియానా కింద మైకు పట్టుకుంది. ఆమె తెలుగులో చెప్పింది, నేను హిందీలో చెప్పాను.

"ముందు ఇచ్చినవి నా చెలమ నీళ్లు సాబ్. వాగువి కావు. ఈసారి నువ్వే దిగి ముంచుకో."

కొందరు నవ్వారు. అధికారి రాసుకున్నాడు.

రెండోసారి వచ్చినవాళ్లు మోకాళ్ల లోతు దిగారు. వాగు నీళ్లు, చెలమ నీళ్లు విడివిడిగా పట్టుకెళ్లారు. మొదటిసారి పరీక్షించని లోహాలను కూడా ఈసారి పరీక్షించారు. కడిగిన నీళ్లు వాగులోకి వదలడం ఆపాలని ప్లాంటుకు ఆదేశం వచ్చింది. ఊరికి ట్యాంకరు వచ్చింది. ఈ నీళ్లు తాగరాదు, స్నానం చేయరాదు అని ఒడ్డున బోర్డు పాతారు. చెలమ నీళ్లు కూడా పనికిరావని తేలిందని పెద్దమ్మకు నేనే చెప్పాను. "అట్లనా" అంది. ఇన్నేళ్లూ ఆమె తోడి తెచ్చినవే ఇంటిల్లిపాదీ తాగాం.

తర్వాతి వానాకాలంలో ఆమె జబ్బుపడి పోయింది. రోగం దేనివల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు. తెలియనిది నేను రాయను. ఆమెను సాగనంపి వస్తూ అందరం అలవాటుగా వాగు దగ్గర ఆగాం. ఎవరూ దిగలేదు. కాసేపు నిలబడి, ఇళ్లకు వచ్చి, ట్యాంకరు నీళ్లు తలమీద పోసుకున్నాం.

వాగు ఎరుపు ఇప్పుడు కొంత తగ్గింది. బోర్డు తీయలేదు. మా ఊళ్లో శవాన్ని సాగనంపి వచ్చినవాళ్లు వాగులో మునగడం లేదు.