పొద్దున తగ్గిన వాపు

మొన్న నిజామాబాద్‌లో మా అబ్బాయి ఇంటి ముందు నుంచి మైకు కట్టిన ఆటో ఒకటి పోయింది. గొర్రెలకు, మేకలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు ఉచితంగా తాగిస్తున్నారని, జీవాలున్నవాళ్లు మేతకు తోలకముందే పట్టుకురావాలని చెప్పుకుంటూ వీధి చివర మలుపు తిరిగింది. మా కాలనీలో మేక అన్నది ఆదివారం కూరలో తప్ప కనబడదు, ఎవరికి చెబుతున్నాడో మరి. బియ్యం ఏరుతున్న నా చెయ్యి మాత్రం ఆగిపోయింది. జీవాలున్న ఇళ్లలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ మాట వినగానే మందు వాసన, చేతుల మీద కారిన చొల్లు గుర్తొస్తాయి. నాకు వాటితోపాటు ఇంకొకటి గుర్తొస్తుంది. దాన్ని ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు.

మా బాపు నవీపేట్ వైపు ఒక పశువుల దవాఖానలో అటెండరు. ఆరు రోజులు దవాఖాన, ఏడో రోజు ప్రార్థన మందిరం, అదే ఆయన బతుకు. మందు తాగించే ముందు ప్రతి జీవం దగ్గరా ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు, డాక్టరు విసుక్కున్నా సరే. నేను స్కూలు నుంచి నేరుగా అక్కడికే వెళ్లేదాన్ని కాబట్టి చూసి చూసి కొన్ని సంగతులు నేర్చుకున్నాను. సీసా మూతి దవడ పక్క నుంచి పెట్టాలి, తల మరీ ఎత్తిపడితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కింది కనురెప్ప తిప్పి చూస్తే ఎర్రగా ఉండాలి, తెల్లగా ఉందంటే లోపల నట్టలు నెత్తురు తాగేస్తున్నట్టు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే పరిస్థితి ముదిరినట్టు. ఆ వాపుతో జాగ్రత్త అని బాపు మరీ మరీ చెప్పేవాడు. పగలంతా తల వంచి మేసిన మేకకు సాయంత్రానికి నీరు దవడ కిందికి జారుతుంది, రాత్రంతా తల ఎత్తుకుని నెమరు వేస్తే తెల్లారేసరికి వాపు దిగిపోతుంది, అది చూసి తగ్గిందనుకుంటే మేక పోయినట్టే.

ఎనభయ్యో దశకం చివర, పద్దెనిమిదేళ్లకు, నన్ను బోధన్ దగ్గర ఒక ఊరికి కోడలిగా పంపించారు. ఊరి చుట్టూ చెరుకు, చెరుకు చుట్టూ నిజాంసాగర్ పిల్లకాలువలు. మా ఆయన చెరుకు బండ్ల వెంట తిరిగేవాడు, నా రోజంతా అత్తమ్మతోనే. ఆమెకు పదకొండు మేకలు, ఒక బైబిలు. నలభై ఏళ్లు దాటాక అక్షరాల కింద వేలు పెట్టుకుని చదవడం నేర్చుకున్న మనిషి. మా చిన్న సంఘంలో, దేవుడు తనకు చేసిన మేలు గురించి ఆమె సాక్ష్యం చెప్పడానికి లేచిందంటే ఏడ్చే పిల్లలు కూడా ఊరుకునేవాళ్లు. ఆమె నోట అబద్ధం వచ్చిందని ఎవరూ అనగా వినలేదు. నాకు ఆమె అంటే భయమూ ఉండేది, భక్తీ ఉండేది.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. కాలువ కట్ట కింద ఊట నీళ్లలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. పచ్చగా ఉంది కదా అని అత్తమ్మ మంచు ఆరకముందే మేకల్ని అక్కడికే తోలేది. తడి గడ్డి చివర్లకు నట్టల పిల్లలు పాకుతాయని నేను ఒకసారి అన్నాను గాని, కొత్త కోడలి మాట గాలికి పోయింది. నెల తిరక్కుండా మేకలు నీళ్ల విరేచనాలతో పారడం మొదలుపెట్టాయి, వెంట్రుక గరుకెక్కింది, ఒక శనివారం సాయంత్రం నల్లమేక దవడ కింద వాపు కనబడింది. అత్తమ్మ ఆ వాపు మీద నూనె రాసి, నన్నూ పక్కన మోకరించమని, కొట్టంలోనే చాలాసేపు ప్రార్థన చేసింది. తెల్లారి లేచి చూస్తే వాపు లేదు. ఆమె ముఖం ఎంతగా వెలిగిపోయిందంటే, బాపు చెప్పిన మాట మింగేసి చెంబు తీసుకుని పాలు పితకబోయాను. రెండు గంటల తర్వాత మందిరంలో లేచి నిలబడి ప్రభువు తన మేకను ముట్టాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఆ సాయంత్రం నల్లమేక మళ్లీ సంచి వేలాడేసుకుని ఇంటికి వచ్చింది.

అక్కడి నుంచి మా ఇల్లు నాకు తలుపు లేని గది అయిపోయింది. మందు తెస్తే ఆమె సాక్ష్యం అబద్ధమని ఊరికంతా చాటినట్టు, తేకపోతే జీవాలు పోతాయి. మా ఆయనతో చెబితే, నలుగురిలో మా అమ్మ తల దించుకునేటట్టు చేస్తావా అని అటు తిరిగి పడుకున్నాడు. ప్రార్థన పనిచేయదని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కాని బాపు కళ్లు మూసుకున్నాక చేతిలో సీసా కూడా పట్టుకునేవాడు కదా అని లోపల ఒకటే పోరు. అత్తమ్మ మాత్రం ఆ వారం నుంచి మేకల్ని పొద్దు గుంకక ముందే కొట్టంలోకి తోలి తడిక వేసేయడం మొదలుపెట్టింది. సాయంత్రం పూట వాటి వైపు చూసేది కాదు.

పక్కింట్లో బీడీలు చుట్టుకుని బతికే అవ్వ ఒకామె ఉండేది, మా సంఘంలోనే. ఆమెకు ఉన్నవి రెండే మేకలు. అందులో ఒకదాని పాలతోనే, తల్లి చనిపోయిన మనుమరాలిని సాకుతోంది. ఆ మేకకూ వాపు వచ్చింది. దవాఖానకు సీసా మనమే పట్టుకుపోవాలి కాబట్టి, కడిగిన సీసా ఒకటి చేత్తో పట్టుకుని, బోధన్ పోదామని బయల్దేరి మా వాకిట్లో ఆగింది. అత్తమ్మ అరుగు మీదే ఉంది.

"మీ బాపు జీవాల దవాఖానల చేస్తడు గద బిడ్డా, నువ్వే చెప్పు. మందు తేవాల్నా, మీ అత్త లెక్క దేవుని మీద ఏసి ఊకోవాల్నా?"

అత్తమ్మ తల ఎత్తలేదు. ఆమె చేతిలోని పప్పు చేట మాత్రం ఆగింది. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు. అయినా నా నోట్లోంచి వచ్చింది ఇంతే.

"అత్తమ్మ చేసినట్టే చెయ్యి, అవ్వా."

సీసా కొంగు చాటున పెట్టుకుని ఆమె వెనక్కి తిరిగింది. బస్సు కిరాయి మిగిలింది, దేవుడు నాకు గుడ నమ్ముడు నేర్పుతుండు అని నవ్వుకుంటూ పోయింది.

మూడు వారాలకు ఆ పాలమేక చచ్చిపోయింది. కోసినవాళ్లు లోపల చూసి అందర్నీ పిలిచారు. పొట్ట లోపలి గోడకు ఎర్రటి దారపు ముక్కల్లాంటి నట్టలు, లెక్కలేనన్ని, ఇంకా కదులుతూ ఉన్నాయి. అవ్వ ఏడవలేదు. మనుమరాలిని చంకన వేసుకుని చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఏడుపు మాత్రం సాయంత్రం దాకా మా గోడ అవతల వినబడుతూనే ఉంది.

ఇక ఉండలేక, పొద్దు గుంకుతుండగా కొట్టం తడిక తీసి నల్లమేకను వాకిట్లోకి లాక్కొచ్చి అత్తమ్మ ముందు నిలబెట్టాను. కనురెప్ప తిప్పి చూపించాను, కాగితంలా తెల్లగా ఉంది. దవడ కింది నీటి సంచిని ఆమె చేత్తోనే పట్టించాను. నన్ను కొడుతుందనుకున్నాను. ఆమె ఆ వాపును మెల్లగా నిమిరి, చాలా నెమ్మదిగా అంది.

"నాకు తెల్వదనుకున్నవా? లేసి చెప్పిన నోటితోని మళ్ల ఎట్ల చెప్పాలె బిడ్డా?"

ఇన్నాళ్లూ చిక్కుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

తెల్లవారి ఇద్దరం బోధన్ వెళ్లి మందు తెచ్చాం. నేను సీసా పట్టుకుంటే ఆమె తలలు పట్టుకుంది, ప్రతి మేక దగ్గరా మా ఇద్దరి పెదవులూ కదిలాయి. పదకొండింటిలో రెండు దక్కలేదు. ఆదివారం సాక్ష్యాల సమయంలో అత్తమ్మ లేచింది. ఆమె కొంగు కొస పిడికిట్లో నలగడం చూశాను.

"ఆ దినం నేను పొద్దుగాల సూసింది చెప్పిన, మాపటికి సూసింది చెప్పలే. దేవుడు సగం చెప్పలే, నేనే సగం చెప్పిన. నా మాట ఇన్నందుకు ఒకామె మేక సచ్చింది. మీ జీవాలకు మందు తాపుండ్రి."

స్తోత్రం అని ఎవరూ అనలేదు. పాస్టరు అయ్యగారు పుస్తకం మూసి, ప్రార్థన చేద్దాం అన్నారు. కోడలు కూడా తెలిసి ఊరుకుందని అత్తమ్మ ఆ రోజూ చెప్పలేదు, పోయేవరకూ ఎవరికీ చెప్పలేదు. మందిరం నుంచి రాగానే పాలిచ్చే మా ఎర్రమేకను తోలుకుపోయి అవ్వ వాకిట్లో కట్టేసి వచ్చింది. అవ్వ వద్దనలేదు. తర్వాత అత్తమ్మతో మామూలుగానే ఉంది, ఇద్దరూ కలిసే మందిరానికి వెళ్లేవాళ్లు. నాతో కూడా నవ్వుతూనే మాట్లాడేది. కాని మనుమరాలికి జ్వరం వచ్చినా, కొత్త మేక మేత ముట్టకపోయినా, నన్ను దాటుకుని వెళ్లి నాలుగిళ్ల అవతల అడిగేది. నువ్వే చెప్పు బిడ్డా అన్న మాట ఆమె నోట మళ్లీ నేను వినలేదు.

ఇప్పుడు నేను వెళ్లే మందిరం పెద్దది, ఫ్యాన్లున్నాయి, పాటల మాటలు గోడకున్న తెర మీద కనబడతాయి. సాక్ష్యం చెప్పేవాళ్ల కోసం మైకు వరుసల వెంట చేతులు మారుతూ వస్తుంది. ఉద్యోగం వచ్చింది, ఆపరేషన్ లేకుండా పోయింది, ప్లాటు అమ్ముడుపోయింది. విని నేనూ మనసారా స్తోత్రం అంటాను, దేవుడు చేయడని కాదు. కాని చెప్పిన సాక్ష్యాన్ని దిద్దుకోవడానికి లేచి నిలబడ్డ మనిషిని ఇన్నేళ్లలో మళ్లీ చూడలేదు. నా వంతు వచ్చినప్పుడల్లా లేద్దామనుకుంటాను. పక్కవాళ్లు మైకు అందిస్తారు. నేను తీసుకుని, అవతలివాళ్లకు అందిస్తాను.