రెండు వందల లీటర్ల డ్రమ్ము

పిల్లలు నన్ను వెనకాల 'గజం టీచర్' అనేవారని నాకు తెలుసు. ముందర అనమనండి, చూద్దాం! శంషాబాద్ బజారులో మా బాపు ఐలయ్యకు బట్టల కొట్టు ఉండేది. ఆయన పోయాక కొట్టు తమ్ముడి చేతికి వెళ్ళింది, గజం బద్ద నా చేతికి వచ్చింది. రెండు కొసలకూ ఇత్తడి తొడుగున్న నల్లటి టేకు బద్ద. బాపు దాంతో జాకెట్టు గుడ్డ కొలిచి, ఒక వేలెడు ఎక్కువే వదిలి చించేవాడు. నేను దాన్ని బడికి తీసుకుపోయి ఏడో తరగతి బల్ల మీద పెట్టాను. కొలతలు చెప్పడానికే పెట్టాను. మరి చెప్పింది వినకపోతే ఏం చేస్తాం? అప్పుడప్పుడు దానికి వేరే పని కూడా పడేది. ఇప్పుడది మా ఇంట్లో దోమతెర కట్టుకోవడానికి పనికొస్తోంది. బడి నుంచి ఇంటికి ఎందుకు వచ్చిందో చెప్తాను.

మేముండేది రాజేంద్రనగర్‌లో. మా ఆయన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆఫీసులో గుమాస్తా. నేను రోజూ బస్సులో శంషాబాద్ వచ్చి, ఒక సర్కారు బడిలో లెక్కలు చెప్పి పోయేదాన్ని. ఈ స్వర్ణలత టీచర్ క్లాసులో, అంటే నా క్లాసులో, ఏడో తరగతి పరీక్ష తప్పినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఎందుకంటే నేను పుస్తకంలో ఉన్నది అప్పజెప్పి ఊరుకునే రకం కాదు. ఆ పుస్తకంలో ఎవడో వర్తకుడు ఎప్పుడు చూసినా ముప్పై ఆరు మీటర్ల పట్టుగుడ్డ కొంటూనే ఉంటాడు. మా పిల్లల్లో పట్టు ముట్టుకున్నవాళ్ళెవరు? అందుకని శుక్రవారం చివరి పీరియడ్‌ను 'ఇంటి లెక్క' చేశాను. ఎవరింట్లో ఏది కొలుస్తారో దాన్నే లెక్కగా తయారుచేసి తేవాలి. బర్రె ఇచ్చే పాలు, బావి లోతుకు తగిన చేదతాడు, గోడకు పట్టే సున్నం. ఒకరు లేచి లెక్క చెప్తారు, నేను బోర్డు మీద చేస్తాను, అందరూ రాసుకుంటారు.

తొంభై నాలుగు జూలైలో, నేను బోర్డు మీద లెక్క చేస్తుంటే ఉపేందర్ అనే పిల్లవాడు లేచాడు. "టీచర్, గాడ సున్న ఇడిచిపెట్టిండ్రు" అన్నాడు. నిజమే, వదిలేశాను. కానీ వాడు అన్న తీరు చూడాలి, పళ్ళన్నీ బయటపెట్టి! క్లాసంతా కిసుక్కుమంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సున్న పెట్టాను, వాడి అరచేతి మీద బద్దతో రెండు వేశాను. "నేను చెప్పేటప్పుడు నడుమల మాట్లాడొద్దు" అన్నాను. అప్పటి నుంచి నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపించేది. అదంతా క్రమశిక్షణ అని మురిసిపోయాను.

నేను చెప్పబోయేది జరిగింది అదే ఏడాది నవంబరులో, ఒక శుక్రవారం. ఆ శుక్రవారం ముందుగా ఒక పిల్ల పందిరి లెక్క చెప్పింది. ఒక్కో రాటకు యాభై సెంటీమీటర్ల తీగ చుట్టాలి, ఎనిమిది రాటలకు ఎంత? నాలుగు వందల సెంటీమీటర్లు, అంటే నాలుగు మీటర్లు. చేసి చూపించాను. గంట కొట్టే వేళవుతోంది. "ఇంకొక్కటి, ఎవరు?" అన్నాను. మూడో బెంచీ నుంచి షెకీనా లేచింది. సన్నటి పిల్ల, అడిగితే తప్ప నోరు విప్పదు. వాళ్ళ నాన్న దావీదు కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అది మూతపడితే, ఆ ఏడే రెండెకరాల ద్రాక్ష తోట కౌలుకు పట్టాడు. మనిషికి తోట పని కొత్త, చదువు రాదు.

"మా బాపు రేపు పొద్దుగాల ఆరింటికి తోటకు మందు కొడ్తడు టీచర్. కొత్త మందు తెచ్చిండు. లీటరు నీళ్ళకు రెండు మిల్లీలీటర్లని డబ్బ మీద రాసుంది. మా డ్రమ్ము రెండొందల లీటర్లది. మందు ఎంత పొయ్యాలె?"

"శభాష్, గిట్ల ఉండాలె లెక్క" అన్నాను. రెండు వందలను రెండుతో హెచ్చించి నాలుగు వందల మిల్లీలీటర్లు అని రాశాను. దాని పక్కనే, గంట మోగుతుండగా, '= 4 లీటర్లు' అని రాసి కింద రెండు గీతలు కొట్టాను. పిల్లలు నోట్సులు తెచ్చి నా ముందు పెడుతుంటే ఎర్ర పెన్నుతో చకచకా టిక్కులు వేసుకుంటూ పోయాను. షెకీనా అందరికంటే వెనక వచ్చింది. నోట్సు ఇచ్చి అక్కడే నిలబడింది.

"టీచర్..."

"ఏందే?"

"ఏం లేదు టీచర్."

టిక్కు వేసి ఇచ్చేశాను. నా బస్సు తొందర నాది. మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు.

సాయంత్రం ఏడు దాటాక ఇంట్లో పాల ప్యాకెట్ కత్తిరించబోతూ దాని మీద చూశాను. అర లీటరు, 500 మి.లీ. రోజూ చూసేదే. కత్తెర చేతిలోనే ఆగిపోయింది. ఐదు వందలు అర లీటరైతే నాలుగు వందలు నాలుగు లీటర్లు ఎట్లా అవుతుంది? పైన సెంటీమీటర్లను వందతో భాగించిన చెయ్యి, కింద మిల్లీలీటర్లనూ వందతోనే భాగించేసింది. వెయ్యితో కదా భాగించాలి! పదింతలు. పదింతల మందు పొయ్యమని చెప్పి, టిక్కు వేసి మరీ పంపించాను.

మా ఆయన దగ్గరికి పరుగెత్తాను. "పదింతలు ఎక్కువ పోస్తే ఏమైతది?" అని అడిగాను.

"నేను ఫైళ్ళు చూసేటోన్ని, తోటలు గాదు" అన్నాడు. నా మొహం చూసి మెల్లగా చెప్పాడు. "ఆకు మాడుతది. గుత్తి నిలువది. ఆ పొద్దే తెల్వది, రెండు మూడు రోజులకు బయటపడ్తది."

షెకీనా వాళ్ళ ఊళ్ళో ఫోను సర్పంచి ఇంట్లో ఒక్కటే ఉందని విన్నాను, నంబరు తెలియదు. మాకు బండి లేదు. చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన అడ్డం నిలబడ్డాడు. "ఇప్పుడు బస్సెక్కి శంషాబాద్‌ల దిగినా, ఆడ్నించి చీకట్ల మూడు కిలోమీటర్లు తోటల నడుమ ఒక్కదానివే నడుస్తవా? నేను వద్దామంటే అమ్మను ఇడిచిపెట్టి ఎట్ల రావాలె? పొద్దుగాల మొదటి బస్సుకు పో" అన్నాడు. మా అత్త మంచాన పడి ఉంది. ఆయన మాటలో తప్పు లేదు. చెప్పులు విప్పేశాను. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

తెల్లవారి ఐదూ ఇరవైకి మొదటి బస్సు. కిటికీ పక్కన కూర్చున్నాక, పాడు బుద్ధి, మళ్ళీ లెక్కే మొదలుపెట్టింది. బస్సు శంషాబాద్ చేరేది ఐదూ యాభైకి. రావిర్యాల వైపు మట్టిబాటలో మూడు కిలోమీటర్లు, గంటకు ఐదు కిలోమీటర్ల నడకకు ముప్పై ఆరు నిమిషాలు. అంటే ఆరూ ఇరవై ఆరు. దావీదు మొదలుపెట్టేది ఆరింటికి. ఒక డ్రమ్ము కొట్టడానికి నలభై నిమిషాలనుకుందాం, అరెకరానికి ఒక డ్రమ్ము అనుకుందాం. ఇరవై ఆరు నిమిషాల్లో ఎంత తోట మాడుతుంది? జవాబు ఎకరంలో మూడో వంతు దాకా వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. బస్సు మధ్యలో ఎవరికోసమో ఆగినప్పుడల్లా డ్రైవర్ మీద పళ్ళు నూరాను. పాపం, అతనేం చేశాడు?

శంషాబాద్‌లో ఆటోలు లేవు. చలికి టీ కొట్టువాడు కూడా ఇంకా పొయ్యి ముట్టించలేదు. నడిచాను, నడక చాలక పరుగెత్తాను. నలభై రెండేళ్ళ మనిషిని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మట్టిబాటలో పరుగెడుతుంటే పాలవాడు సైకిల్ దిగి మరీ చూశాడు. చూసుకోనీ! ఫ్యాక్టరీ పోయి తోట పట్టుకున్న మనిషి. ఈ పంట పోతే ఆ ఇల్లు ఏమవుతుంది? ఆ పిల్ల చదువు ఏమవుతుంది? 'దేవుడా, ఈ ఒక్కసారికి దావీదు ఆలస్యంగా లేవాలి' అని మొక్కుకున్నాను.

తోట కనిపించేసరికి పంపు కిర్రుకిర్రుమంటోంది. యేసుమణి, షెకీనా వాళ్ళమ్మ, రెండు చేతులతో పంపు ఊపుతోంది. దావీదు మూతికి రుమాలు కట్టుకుని పందిరి కింద గొట్టం పట్టుకుని కొడుతున్నాడు. గుత్తులు అప్పుడే మిరియాల గింజలంత ఉన్నాయి. ఆకుల మీద నుంచి మందు చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"ఆపు! దావీదూ, పంపు ఆపు!"

పంపు ఆగింది. దావీదు రుమాలు కిందికి దించాడు. "వందనాలమ్మా. షెకీనా వాళ్ళ టీచర్ గదా? ఏమైందమ్మా, గిట్ల ఉరికొస్తున్నరు?"

"నాలుగు... నాలుగు లీటర్లు పోసినవా?" నాకు ఊపిరి అందడం లేదు.

"నాలుగు లీటర్లా? లేదమ్మా. బిడ్డ చెప్పినట్టు మూతతోటి ఎనిమిది పోసిన."

నాకు అర్థం కాలేదు. డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. నీలం డ్రమ్ము మీద సుద్దముక్కతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: '400 మి.లీ. మూత 50 మి.లీ. 8 మూతలు.' పక్కనే ఐదు లీటర్ల మందు డబ్బా, ఇంచుమించు నిండుగా. లెక్క సరిగ్గా ఉంది. మూత ఎంత పడుతుందో చూసి మరీ చేసిన లెక్క. నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే తన్నుకొచ్చాయి. బతికారు. అందరూ బతికారు.

"ఇది ఎవరు రాసిండ్రు?" అన్నాను.

మెల్లగా అడగాలనే అనుకున్నాను. నా గొంతు క్లాసులో లేచినట్టే లేచింది. ఏళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది?

డ్రమ్ము వెనక నుంచి షెకీనా వచ్చింది. చేతిలోని బకెట్ కింద పెట్టింది. కుడి అరచేతిని లంగాకు తుడుచుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి నా ముందుకు చాపింది.

ఆ పిల్ల నేను కొట్టడానికే వచ్చాననుకుంది. తెల్లారీ తెల్లారకముందే, మూడు కిలోమీటర్లు పరుగెత్తుకుని.

నేను నోరు తెరిచేలోపే దావీదు అందుకున్నాడు. "ఏందే, టీచర్ చెప్పింది ఇడిచిపెట్టి నీ ఇష్టమొచ్చినట్టు పోపిచ్చినవా?" అని బిడ్డను గదమాయించి, నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "చిన్న పిల్ల, తెల్వక జేసిందమ్మా. మాఫ్ చెయ్యుండ్రి, కొట్టకుండ్రి. నాలుగు లీటర్లు పొయ్యాల్నా? ఇప్పుడే పోస్త." వంగి మందు డబ్బా ఎత్తాడు. మూత కూడా తీశాడు.

"వద్దు!" అని అరిచాను. డబ్బాను రెండు చేతులతో పట్టుకుని లాగేశాను. నా చీర మీద ఇంత మందు ఒలికింది. "వద్దు దావీదూ. బిడ్డ చేసిందే రైటు. తప్పు నాది. బోర్డు మీద నేనే తప్పు చేసిన."

దావీదు నమ్మినట్టు కనిపించలేదు. నా మొహంలోకి, బిడ్డ మొహంలోకి మార్చి మార్చి చూశాడు. ఒక టీచర్ నోటి నుంచి ఆ మాట అతను వినడం అదే మొదలు. నేను అనడం కూడా అదే మొదలు.

షెకీనా కళ్ళు తెరిచింది. చెయ్యి మాత్రం ఇంకా చాపే ఉంది.

"నీకు క్లాసులనే తెలిసింది గదా? మరి ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

షెకీనా వాళ్ళమ్మ వైపు చూసింది. యేసుమణి "చెప్పు బిడ్డా" అంటే, నేల చూస్తూ అంది. "ఆ రోజు ఉపేందర్‌ను..." అంతవరకే అని ఆగిపోయింది.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తోట మాడుతుందని రాత్రంతా కుమిలిపోయాను కానీ, నలభై మంది పిల్లల నోళ్ళు జూలైలోనే మూతపడ్డాయన్న సంగతి నా బుర్రకు తట్టనేలేదు. ఈ పిల్లకు మందు లెక్క తెలిసింది కాబట్టి సరిపోయింది. తెలియని పిల్ల అయి ఉంటే? తెలిసీ, టీచర్ చెప్పింది కదా అని నోరు మూసుకుని నాలుగు లీటర్లూ పోయించే పిల్ల అయి ఉంటే?

"నోట్సు తేపో" అన్నాను, ఈసారి మెల్లగా.

తోటలోని గుడిసెలోకి వెళ్ళి తెచ్చింది. తెరిస్తే బోర్డు మీద ఉన్నది ఉన్నట్టే ఉంది, నాలుగు లీటర్లు, దాని మీద నా ఎర్ర టిక్కు. నాకోసం ఒక జవాబు, వాళ్ళ బాపు కోసం ఒక జవాబు. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, ఇందాక చాపిన ఆ చేతిలోనే పెట్టాను.

"నా లెక్క కొట్టెయ్" అన్నాను.

షెకీనా పెన్ను పట్టుకుంది. వాళ్ళ బాపును చూసింది, నన్ను చూసింది. నా నాలుగు పక్కన, కంటికి ఆనీ ఆననంత చిన్నగా '0.4' అని రాసింది. నాలుగును ముట్టుకోలేదు, టిక్కునూ ముట్టుకోలేదు. పెన్ను నాకు తిరిగి ఇచ్చేసింది.

"మీరే కొట్టెయ్యుండ్రి టీచర్" అంది.

డ్రమ్ము మీద నోట్సు పెట్టి నేనే కొట్టేశాను. గీత వంకరగా పోయింది. సోమవారం బడికెళ్ళి గజం బద్దను ఇంటికి తెచ్చేసుకున్నాను.