పెనుకొండకు చలి తగ్గిన వారం

ఓడిపోవడానికి అబద్ధమాడే మనిషిని నేను అంతవరకూ చూడలేదు. గెలవడానికి ఆడేవాళ్ళు నాకు బాగా తెలుసు. గడ్డం గీసుకునేటప్పుడు రోజూ ఒకణ్ణి అద్దంలో చూస్తుంటాను. కానీ ఆ ఏడు శివరాత్రి దాటినాక, పోవాల్సిన చలి ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగొచ్చిన వారంలో, మా బావ పొద్దుకొక మాటు తన చలిని తానే తగ్గించి చెప్పుకుంటూ వచ్చినాడు. అనుమానం రాకుండా ఎట్లుంటుంది?

ముందు మా పందెం సంగతి చెప్పాలి. తొంభైల చివరి రోజులు. హిందూపురంలో స్టేషను రోడ్డులో నాకొక ఎస్టీడీ బూతు ఉండేది. ఒకసారి బెంగుళూరు పోయినప్పుడు గోడకు తగిలించే థర్మామీటర్లు మూడు, ఒకే డబ్బాలోవి, తెచ్చినాను. ఒకటి నాకు. ఒకటి ధర్మవరంలో ఉండే గార్డు సారుకు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన, నా కథలన్నీ ఓపిగ్గా విని ఒక్కటీ నమ్మని మనిషి. మూడోది మా అక్క మొగుడికి, అంటే బావకు. వాళ్ళది పెనుకొండ నుంచి సోమందేపల్లి పోయే దారిలో ఊరిబయట ఇల్లు, పట్టుపురుగుల పెంపకం.

చలికాలమంతా పొద్దున ఆరు కొట్టకముందే ఫోన్లు. ఆ వేళకు ఎస్టీడీకి పావు రేటు కాబట్టి ఆ వేళకే మాకు వాతావరణం మీద ప్రేమ పుట్టేది. గార్డు సారుకు ఇంట్లోనే ఫోను. బావ రోడ్డు మీది టీ బంకు దగ్గరికొచ్చి నిలబడేవాడు. ఎవరి ఊర్లో పాదరసం అందరికన్నా కిందికి దిగితే వాళ్ళు గెలిచినట్టు. ఓడినోళ్ళు ఆదివారం టీ, బోండాలు పెట్టించాలి.

పెనుకొండే గెలిచేది. కొండ నీడ, చెరువు గాలి, ఊరిబయట ఇల్లు. రెండోది హిందూపురం. ధర్మవరం ఎప్పుడూ మూడోది. "మీ ఊర్లో మగ్గాలు కొట్టుకునే వేడికే చలి రైలెక్కి పోతాది సార్" అని బావ ఎగతాళి చేసేవాడు. గార్డు సారు బోండాలు తెప్పించేవాడు.

అట్లాంటిది, చలి పోయిందని చాన్నాళ్ళుగా ఆపేసిన పందెం మళ్ళీ మొదలైన ఆ వారంలో, మొదటి పొద్దున నేను పన్నెండు చెప్పినాను. గార్డు సారు పద్నాలుగు. బావ గొంతు సవరించుకుని, "పదిహేడప్పా" అన్నాడు.

"ఏంది బావా, పదిహేడా? నువ్వు ఫోన్లో మాట్లాడ్తాంటే పండ్లు కొట్టుకునేది నాకు ఈడికి వినపడ్తాంది."

"చలేస్తాంది, కాదనను. గాజు మాత్రం పదిహేడు చూపిస్తాంది. గాజుకేం పని అబద్ధమాడేకి?"

ఆ మాట అన్నప్పుడు 'గాజుకు' అని ఒత్తి పలికినాడు. నాకు తగలాలనే.

పక్క రోజు పదహారు. ఆ పక్క రోజు మళ్ళీ పదిహేడు. నేను వరసగా గెలుస్తున్నాను, అయినా బోండా రుచి తెలీలేదు. గార్డు సారుకు ఫోన్ చేస్తే ఆయన అనుమానం ఇంకో దారిలో పోతోంది.

"మీరిద్దరూ బావ, బామ్మర్ది. ముప్ఫై ఏండ్లు ఎర్ర జెండా, పచ్చ జెండా ఊపినోణ్ణప్పా, ఎవరు ఎవరికి సైగ చేస్తాండారో నాకు తెలీదా? నన్ను మూడో స్థానం నుంచి లేపి, నేను సంబరపడితే చూసి నవ్వుకోవాలని గదా?"

"లేదు సార్, ఒట్టు."

"నువ్వు ఒట్టేసినావంటే నా అనుమానం రెండింతలైతాది" అని ఆయన పెట్టేసినాడు.

నాకు మాత్రం అది నవ్వులాట అనిపించలేదు. ఎందుకంటే బావ వాళ్ళ షెడ్డులో అప్పుడు పురుగులున్నాయి. అంతకుముందు పంట మొత్తం రోగమొచ్చి పోయింది. తట్టలు తట్టలుగా గుంతలో పూడ్చిపెట్టినారు. ఈ పంట కూడా పోతే పురుగులకు వేసే మల్బరీ ఆకుతోట పీకేసి, చేను గుత్తకిచ్చి, బెంగుళూరులో వాచ్‌మన్ పనికి పోతానని బావ అందరి ముందూ అనేసినాడు. ఆ తోట మా అక్క చేత్తో నాటింది. ఆమె దానికి బదులేమీ చెప్పలేదంట, అందుకే నాకు భయం. మా అక్క మాట్లాడకపోవడం అరుదు.

పురుగులున్న ఇంట్లో చలి తగ్గించి చెప్పే మనిషి ఏదో దాస్తున్నాడని నా లెక్క. దిష్టి భయమా? చలికి పురుగులు మందగించినాయని తెలిస్తే పట్టుగూళ్ళు కొనేవాళ్ళు ముందే చిన్నచూపు చూస్తారనా? లేకపోతే పంట అప్పుడే పోయిందా, చెప్పలేక ఇట్లా గాజు మీద పెడుతున్నాడా? ఆ చివరి అనుమానం వచ్చినాక బూతులో కూర్చోలేకపోయినాను. నా థర్మామీటరు గోడ మీంచి తీసి, తువ్వాలలో చుట్టుకుని, పొద్దున ప్యాసింజరెక్కినాను.

నేను పోయేసరికి బావ వసారాలో ఆకు కోస్తున్నాడు. నన్ను చూడగానే కత్తి పక్కన పెట్టి, నా చేతిలో మూట వైపు చూసినాడు.

"ఏమబ్బా, చెప్పకుండా వచ్చినావు? ఏంది ఆ మూట?"

"మీ గాజుకు తోడు తెచ్చినా."

వసారా గోడకు మేకు ఖాళీగా ఉంది. నేను దాన్నే చూస్తుంటే బావ, "పగలు షెడ్డులో పెట్టుకుంటాము, పొద్దున మీ పందెం కోసమే బయట తగిలించేది" అన్నాడు. అడక్కుండానే చెప్పినాడు. అడక్కుండా చెప్పే మాట నేను నమ్మను, ఆ విద్య నాదే కాబట్టి.

"సరే, షెడ్డులోకి పోయి చూద్దాం పా."

షెడ్డు గుమ్మంలో సున్నం చల్లిన గోనెసంచి, దాని పక్కన బ్లీచింగు నీళ్ళ బేసిను. ఆ రెండూ దాటకముందే మా అక్క తలుపుకు అడ్డంగా నిలబడింది.

"యాడికిరా? ఆడనే నిల్చో. రైల్లో ఎవరి పక్కన కూర్చున్యావో, ఏం తిన్యావో."

"అక్కా, నేను నీ తమ్మున్ని."

"అందుకే అంటాండా."

పురుగులున్నప్పుడు బయటి మనిషిని లోపలికి రానియ్యకపోవడం మా పక్క అందరిండ్లలో ఉండేదే. కానీ ఆ పొద్దు నాకు అది కూడా దాపరికం లాగే కనపడింది. "పురుగులెట్లుండాయక్కా?" అన్నాను. ఆమె తల తిప్పుకుంది. బావ చెప్పినాడు.

"నాలుగో జ్వరం దాటినాయి." పురుగులు పొర విడిచే నిద్రను మేము జ్వరమంటాము. ఆఖరి జ్వరం దాటినాక అవి ఆకు మీద పడి తినాలి. "దాటినాయి గానీ, ఏసిన ఆకు ఏసినట్టే ఉండాది. మసులుకోవు. ఆకులో ఏమన్నా దోషముందేమో అని తోటలో ఆ పక్క నుంచి కోసి ఏస్తాండా."

"చలికేమో బావా. కుంపటి పెట్టినారా?"

"ఎందుకు పెట్టేది? లోపల ఇరవై నాలుగుండాది. పురుగులకు అంతే కావాల్సింది. ఇంకా వేడి చేసి, పొగ పెట్టి చంపాల్నా?"

షెడ్డులో థర్మామీటరును అక్కే బయటికి తెచ్చి మేకుకు తగిలించింది. నాది పక్కన పెట్టినాను. ముగ్గురమూ ఆకు కోసే పీట మీద కూర్చుని, పెండ్లిచూపుల్లో మాదిరి ఆ రెండింటినీ చూస్తూ ఉన్నాము. కొంచెంసేపటికి నాది పద్దెనిమిది దగ్గర నిలబడింది. బావది ఇరవై మూడు.

"చూసినావా" అన్నాడు బావ. "నీ గోడ మీద ఉండి ఉండి దానికీ అబద్ధం అలవాటైపోయింది."

నేను దగ్గరికి పోయి చూసినాను. బావ గాజులో పాదరసం ఒకటే గీతగా లేదు. నడుమ తెగిపోయి ఉంది, మగ్గం మీద పోగు తెగినట్టు. కింది ముక్క ఒకచోట ఆగింది, పైముక్క దాన్ని వదిలేసి పైన కూర్చుంది. బావ ఆ పైముక్క కొనను చూసి లెక్క చెప్తున్నాడు. ఆయనకు దగ్గరి చూపు తగ్గి చాన్నాళ్ళైంది, అద్దాలు మాత్రం పెట్టుకోడు.

"ఇది ఎట్ల తెగింది? కింద పడిందా?"

"పడలా" అంది అక్క. "పోయిన పంట పూడ్చినాక షెడ్డు కడిగి, తట్టలు, గూళ్ళు కట్టించే చంద్రికలు, కత్తులు, అన్నీ బ్లీచింగులో ముంచి మిద్దె మీద ఎండబెట్టినాము గదా. రోగం దేనికంటుకునుంటాదో ఎవరికి తెలుసు? దీన్ని కూడా ఎండబెట్టినా. రెండు పొద్దులు."

బండ మిద్దె మీద, మట్టమధ్యాహ్నం ఎండలో, వెల్లకిలా. పాదరసం పైకంటా ఎక్కి, దిగేటప్పుడు తెగి ఉంటుంది. రోగం పోవాలని చేసిన పని.

"బావా, మీది పాడైంది. లోపల పంతొమ్మిదే ఉంటుంది. పురుగులు చలికి తినడం లేదు" అన్నాను.

బావ రెండు గాజుల్నీ మార్చి మార్చి చూసినాడు. తర్వాత నా వైపు తిరిగి, "హిందూపురంలో చలికి మడకశిర బస్సు ముడుచుకుపోయి మీ సందులో పట్టిందని చెప్పినోడివి నువ్వే గదా?" అన్నాడు.

"అది వేరే బావా."

"డ్రైవరు పేరు కూడా చెప్తివి. ఆ మనిషి మాట విని నేను ఈపొద్దు కుంపటి పెట్టాల. పెట్టినాక పొగకు పురుగులు తిరగబడి చస్తే ఎవరికి చెప్పుకునేది? నీ సందులో బస్సుకా?"

తెగిన పాదరసం కనపడుతూనే ఉంది, కనపడేది ఎట్లా వర్ణించాలో నాకు చేతకాదు. బావ టీ బంకుకు పోయి గార్డు సారుకు ఫోను చేసి అడుగుదామన్నాడు. ఇద్దరమూ పోయినాము. ఆయన మొత్తం విని, "ఇద్దరూ ఒకే బంకులో నిలబడి మాట్లాడ్తాండారా? మీ నాటకం నాకు అర్థమైందప్పా. పాదరసం తెగిందంట" అని ఫోను పెట్టేసినాడు.

మేము తిరిగొచ్చేసరికి అక్క వసారాలో బొగ్గులు కుప్ప పోసి ఉంది. రెండు కుంపట్లు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఏందిది?" అన్నాడు బావ. "వాని మాట నమ్ముతాండావా? చిన్నప్పట్నుంచి చూసినదానివి."

"చిన్నప్పట్నుంచి చూసినా కాబట్టే." అక్క బొగ్గులు కుంపట్లో వేస్తూ చెప్పింది. "వాడు అబద్ధమాడితే దాంట్లో ఒక బస్సన్నా ఉంటాది, ఒక డ్రైవరన్నా ఉంటాడు, వానికొక మేనత్తన్నా ఉంటాది. ఇందాక ఏం చెప్పినాడు? మీది పాడైంది, పురుగులు చలికి తినలేదు, అంతే గదా. ఇంత చప్పిడి మాట వాడు ఎప్పుడూ చెప్పలా. నిజమే అయ్యుంటాది."

బావ నన్ను ఎగాదిగా చూసినాడు. మెచ్చుకోలు కాదు ఆ చూపు. ఇంకేదన్నా కలుపుతానేమో అని చూస్తున్నాడు. నేను పెదాలు బిగించుకుని కూర్చున్నాను. అక్క మెచ్చుకున్నందుకు సంతోషపడాలో, తిట్టినందుకు బాధపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అక్క కుంపట్లు బయటే రాజేసి, పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కాలినాక లోపలికి పెట్టింది. వేడికి గాలి ఎండిపోకుండా తడి గోనెసంచులు వేలాడగట్టింది. తలుపు కొంచెం ఓరగా పెట్టి, నా థర్మామీటరును బ్లీచింగు నీళ్ళతో తుడిచి లోపల తగిలించింది. దాన్ని తుడిచినంతసేపు నా మొహమే చూస్తోంది.

బావ గుమ్మం దగ్గర గొంతుకూర్చున్నాడు. పొగ వాసన వస్తే కుంపటి ఈడ్చి బయట పారేసేందుకు చేతిలో పట్టకారు. నేను గోడకు ఇవతల. పొద్దు నడినెత్తికి వచ్చింది. అన్నం ఎవరూ అడగలేదు.

అప్పుడు లోపల ఏదో సన్నగా చప్పుడు మొదలైంది. కొత్త చీర మడత విప్పుతున్నట్టు, ఆగకుండా. నేను గోడకు చెవి ఆనించినాను. బావ పట్టకారు కింద పెట్టినాడు గానీ లేవలేదు. "తింటాండాయా?" అని లోపలికి అడిగినాడు, నన్ను కాదు.

అక్క తలుపులో నుంచి తల బయట పెట్టింది. కండ్లు బొగ్గు వేడికి ఎర్రగా ఉన్నాయి, లేక ఇంకెందుకో.

"కోసిన ఆకంతా అయిపోయె. తోటకు పోండి ఇద్దరూ, సాయంత్రానికి చాలదు. తొందరగా."

బావ అప్పుడు లేచినాడు. సంచులు భుజాన వేసుకుని తోట వైపు ముందు నడిచినాడు. పీకేస్తానన్న తోట అదే, ఆ మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. నేను వెనకే పోబోతుంటే అక్క పిలిచింది.

"ఒరేయ్, ఆగు. ఆకు ముట్టుకునేకి ముందు బేసిన్లో చేతులు కడుక్కో. పొగాకు అంటిన ఆకు పురుగులకు విషం. బీడీలుండాయా?"

"లేవక్కా."

"జేబులు చూపించు."

రెండు జేబులూ బయటికి తీసి చూపించినాను.