ఇల్డమ్మ రాసిన అబద్ధం

పోయిన నెల పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. కవరు చింపగానే కొత్త సిరా వాసన గుప్పుమంది. వెంటనే అట్ట మీద బొమ్మ కనిపించింది. తెల్ల చీర, ముడి వేసిన నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. మా ఇల్డమ్మ. బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో ‘పాతబస్తీ అనాథల అమ్మ’ అని వేశారు. ఆమె చనిపోయి ఏడాది అయిందని, మా బడిని మూసేసిన కమిటీవాళ్లే వేసిన స్మారక సంచిక అది. నేను నలభై దాటిన మనిషిని. ప్రభుత్వ బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరును. అయినా ఆ పుస్తకాన్ని గోడకేసి కొట్టాను. మా బడిలో నేనెరిగి ఒక్క అనాథ కూడా లేదు. ఆ మాట కోసమే ఇల్డమ్మ ఈ ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. చచ్చిపోయాక కూడా ఆమె నెత్తిన మళ్లీ అదే అబద్ధం పెట్టారు.

ఆమె పేరు హిల్డా. జర్మనీలోని ఒక లూథరన్ మిషన్ ఆమెను ఇరవై ఆరేళ్ల వయసులో టీచరుగా మన దేశం పంపింది. గుంటూరు వైపు తెలుగు నేర్చుకుని, తర్వాత లాల్‌దర్వాజాలోని ఆడపిల్లల బడికి వచ్చి ముప్పై ఏళ్లు ఉండిపోయింది. బస్తీ నోట హిల్డా ఇల్డమ్మ అయింది. సందు మలుపులో బండలు పరిచిన వాకిలి, చుట్టూ ఆరు గదులు, అదే బడి. మేస్త్రీల పిల్లలు, కుట్టుపనివాళ్ల పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు వచ్చేవాళ్లం. మాది యాకుత్‌పురా. బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్, పట్టాలు సరిచేసే పని. అమ్మ ఇంట్లో అగరుబత్తీలు చుట్టేది. మా ఇంట్లో మహంకాళి పటం ఉందని ఇల్డమ్మకు తెలుసు. ఎన్నడూ దాని గురించి ఒక్క మాట అనలేదు.

ఆమె మాకు నేర్పిన మొదటి సంగతి, చూడనిది రాయకూడదని. ఆరో తరగతిలో వానాకాలం మీద వ్యాసం రాయమంది. గైడులో ఉన్నట్టే నెమళ్లు పురివిప్పి ఆడాయని, రైతులు ఆనందంతో పొలాలకు కదిలారని రాశాను. ఆమె నోటుబుక్కు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

“లక్ష్మీ, యాకుత్‌పురాలో నీకు నెమలి ఎక్కడ కనబడిందమ్మా?”

“కనవడలే టీచర్.”

“మరి వాన పడితే ఏం కనబడింది?”

“మోరీ నిండి నీళ్లు ఇంట్లకొచ్చినయ్. అమ్మ అగరుబత్తీలు మంచం మీదికెక్కిచ్చింది. మేం రాత్రంతా కూసున్నం.”

“అది రాయి,” అని నా నెమళ్లన్నిటినీ ఎర్ర సిరాతో కొట్టేసింది. ఆ పూట నాకు ఏడుపొచ్చింది కానీ, రాయడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఈ రోజు నాలుగు వాక్యాలు నిజాయితీగా రాయగలుగుతున్నానంటే ఆ ఎర్ర గీతల పుణ్యమే. అందుకే తర్వాత జరిగింది నేను ఇప్పటికీ దిగమింగలేకపోతున్నాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా, బడికి డబ్బు పంపేవాళ్లు జర్మనీ నుంచి అతిథులుగా వచ్చారు. వాకిట్లో షామియానా వేశారు, మాకు కొత్త రిబ్బన్లు ఇచ్చారు. వచ్చినవాళ్లలో ఒక ముసలావిడ చేతిలో మిషన్ పత్రిక నుంచి కత్తిరించిన కాగితం ఉంది. పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగి, “రూత్!” అని నన్ను కావలించుకుని ఏడ్చేసింది. కాగితంలో ఉన్నది నా ఫోటోనే. నేను బిత్తరపోయి చూస్తుంటే కమిటీ సెక్రటరీ గారు చెవి దగ్గరికి వంగారు. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పెద్ద ఉద్యోగం చేస్తున్న మనిషి. “నువ్వే రూతువి. అడిగితే తలూపు, చాలు. నోరు తెరవమాకు,” అన్నారు.

సరిగ్గా అప్పుడే బాపు గేటులోంచి లోపలికి వచ్చాడు. పొద్దున నేను మరిచిపోయిన సద్దిడబ్బా ఇవ్వడానికి, డ్యూటీ దిగి ఇంటికొచ్చినవాడు ఆ బట్టలతోనే వచ్చాడు. ఖాకీ చొక్కా మీద గ్రీజు మరకలు. నా దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి వేశాడు. ముసలావిడ ఈయన ఎవరని ఇంగ్లీషులో అడిగింది. సెక్రటరీ గారు తడుముకోలేదు. స్కూల్ వాచ్‌మన్ అని చెప్పారు. ఆ మాత్రం ఇంగ్లీషు ఇల్డమ్మ నాకు ఎప్పుడో నేర్పింది. ఇల్డమ్మ కూడా అక్కడే, నాలుగడుగుల దూరంలో, నిలబడి ఉంది. వింది. నోరు మెదపలేదు.

“ఏమన్నడు బిడ్డా?” అని బాపు అడిగాడు.

“నువ్వు ఈడ వాచ్‌మన్‌వంట.”

బాపు సెక్రటరీ గారి వంక చూశాడు. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, “అన్నం సల్లారుతది, తిను,” అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ నడక ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఇల్డమ్మ గదిలోకి వెళ్లాను. ముసలావిడ దాన్ని నాకే గుర్తుగా ఇచ్చిపోయింది. “జర్మన్ నాకు రాదు, చదివి తెలుగులో చెప్పండి,” అన్నాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో వాక్యమే చదివి చెప్పింది. రూతుకు తల్లి లేదు. తండ్రి లేడు. నాలుగేళ్ల వయసులో చార్మినార్ మెట్ల మీద దొరికింది.

“ఎవరు రాసిన్రు?”

“నేను.”

“నేను చార్మినార్ కాడ దొరికిన్నా టీచర్?”

“వాళ్లకు ఈ ఊళ్లో తెలిసిన పేరు అదొక్కటే,” అంది. కాగితం నా చేతికి తిరిగిచ్చి, “నువ్వు ఒకటో తరగతిలో చేరిన ఏడు, బడి ఆపేస్తామని మిషన్‌వాళ్లు అన్నారు. అనాథలుంటే సాయం చేస్తామన్నారు. ఒక్కసారే అనుకుని రాశాను. తర్వాత ప్రతి ఏడూ రాయవలసి వచ్చింది,” అంది.

“నా నెమళ్లను కొట్టేసినవ్ గదా!” అని అరిచాను. గురువును నువ్వు అనడం అదే మొదలు, అదే చివర. కాగితం ఆమె బల్ల మీద విసిరి ఇంటికి పోయాను. వారం రోజులు బడికి వెళ్లలేదు.

ఆ ఆదివారం ఇల్డమ్మ ఎండలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. అమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు. బాపు ముందు నిలబడి, తాను ఏం రాసిందో మొత్తం తన నోటితోనే చెప్పింది. బాపు చేతిలో బీడీ ఆరిపోయింది.

“నేను బతికుండంగనే నా బిడ్డను అనాథ జేసినవా అమ్మా?”

“అవును. చేశాను.”

“పేరు గూడ మార్చినవ్. లక్ష్మి అంటే ఏమైతుండె?”

“ఏమీ అయ్యేది కాదు. తప్పు చేశాను.”

“తప్పు జేసిన అని నా ఇంట్ల జెప్తె ఏమొస్తది? ఆడ జెప్పు. నేను బతికున్ననని రాయి. ఆమె తల్లి బతికున్నదని రాయి. ఇప్పుడే రాయి, నా ముంగట.”

ఆమె మా గడపలో కూర్చుని, నా నోటుబుక్కు కాగితం మీద, అరగంట రాసింది. రాసింది రాసినట్టు తెలుగులో వినిపించింది. నాతో పాటు ఇంకా పదకొండు మంది పిల్లల అసలు పేర్లు, వాళ్ల తల్లిదండ్రుల పేర్లు అందులో ఉన్నాయి. దాన్ని పత్రికలో అచ్చువేయకపోతే తానిక ఒక్క ఉత్తరం కూడా రాయనని చివర రాసింది. బాపుకు సంతకం ఉర్దూలోనే వచ్చు. ఆమె సంతకం పక్కన ఆయన కూడా చేశాడు.

వాళ్లు అచ్చువేయలేదు. నాలుగు నెలల తర్వాత, వయసైపోయింది తిరిగి రమ్మని ఆమెకు ఉత్తరం వచ్చింది. వీడ్కోలు సభలో సెక్రటరీ గారు శాలువా కప్పి, “అమ్మగారికి ఆరోగ్యం బాగుండక విశ్రాంతి కోసం వెళ్తున్నారు,” అని మైకులో చెప్పారు. ఇల్డమ్మ మైకు తీసుకుంది. “నా ఆరోగ్యం బాగానే ఉంది. ఈ పిల్లలకు తల్లిదండ్రులున్నారని చెప్పినందుకు నన్ను పొమ్మంటున్నారు. అంతకు ముందు లేరని చెప్పింది కూడా నేనే,” అంది. మైకు ఆగిపోయింది. ఎవరో వైరు పీకేశారు. ఆమె ఆగలేదు. ముప్పై ఏళ్లు తరగతి గదుల్లో నలిగిన గొంతు అది. పన్నెండు మంది పేర్లు, పక్కన తల్లిదండ్రుల పేర్లు, వాకిలి చివర నిలబడ్డ మా బాపుకు కూడా వినబడేలా చెప్పింది. ఆ రెండేళ్లకు బడి మూసేశారు. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది.

అందరూ ఆమెను దేవత అంటారు. నేను అనలేను. ఆ మాట ఎనిమిదేళ్ల ముందు చెప్పి ఉండవలసింది. మా బాపును వాచ్‌మన్ అన్నప్పుడు, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నప్పుడు, చెప్పి ఉండవలసింది. నాకు నిజం రాయడం నేర్పిన మనిషి నా గురించే అబద్ధం రాసింది. దాన్ని నలుగురిలో ఒప్పుకోవడం కూడా ఆమే నేర్పింది. రెండూ నాలో ఉన్నాయి. ఒకదాన్ని ఉంచుకుని ఇంకోదాన్ని పారేయడం నా వల్ల కాలేదు.

ఈ మధ్య మా బడికి ఒక సంస్థవాళ్లు బ్యాగులు పంచడానికి వచ్చారు. ఫోటోకు ముందు ఐదో తరగతి పిల్లను చెప్పులు విప్పమన్నారు. పిల్ల విప్పబోతుంటే, “వేసుకో,” అని అరిచాను. మాటా మాటా పెరిగింది. వాళ్లు బ్యాగులన్నీ వ్యాన్‌లో వేసుకుని వెళ్లిపోయారు. సాయంత్రం ఆ పిల్ల తల్లి, ఇళ్లల్లో పనిచేసే మనిషి, గేటు దగ్గర నన్ను పట్టుకుంది.

“బ్యాగులు వాపసు పంపినవంట గదా టీచరమ్మా?”

“నీ బిడ్డకు చెప్పులు గూడ లేవని ఊరంత చూపిస్తమంటే ఊకుంటవా?”

“ఊకుంట. ఒక్క ఫోటోకేమైతది? కోపం నీది, చినిగిన బ్యాగు మోసేది నా బిడ్డ.”

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. బ్యాగుకు బదులుగా ఒక పిల్ల చెప్పులు విప్పించాలనుకున్నవాళ్లను నేను ఎప్పటికీ క్షమించను. ఆ తల్లిని ఈ మాట అనేదాకా తెచ్చినవాళ్లనూ క్షమించను. ఇల్డమ్మను కూడా ఇంకా క్షమించలేదు. కానీ మొదటి ఉత్తరం రాసిన పూట ఆమె ముందు కూడా ఈ తల్లి అడిగిన ప్రశ్నే నిలబడిందని ఇప్పుడు నాకు తెలుసు. దానికి నా దగ్గర కూడా జవాబు లేదు.